ఫోను ఎత్తే పిల్ల

మొన్న దసరా సెలవుల్లో ప్రొద్దుటూరులో అక్కావాళ్ళ ఇంటికి వెళ్ళినప్పుడు మిద్దె మీద ఒక పంచాయితీ చేయవలసి వచ్చింది. అక్క కూతుళ్ళిద్దరూ, పక్కింటి పాపా కలిసి భుజాలకు తువ్వాళ్ళు కట్టుకొని 'పవర్‌పఫ్ గర్ల్స్' ఆట మొదలుపెట్టారు. ఆ కార్టూనులో గాలిలో ఎగురుతూ ఊరిని కాపాడే ముగ్గురు పిల్లల్లో ఒక్కరికి కూడా భుజాన గుడ్డ ఉండదు. అయినా తువ్వాలు కట్టుకోకుండా ఎగరవచ్చునని ఎవరు చెప్పినా మా పిల్లలు నమ్మరు. ఎవరు ఎవరు కావాలన్న దగ్గర పేచీ వచ్చింది. ఏడేళ్ళ చిన్నది, పోట్లాడేది తానేనంటూ బటర్‌కప్‌ను ముందే పట్టేసింది. రెండు జడలు వేసుకున్న పక్కింటి పాపకు బబుల్స్ దానంతటదే దక్కింది. మిగిలింది బ్లాసమ్. పదకొండేళ్ళ పెద్ద మేనకోడలు "నేను బ్లాసమ్ కాను పో. ఆ యమ్మ ఊరికే ఇది చెయ్యండి, అది చెయ్యండి అంటాంటాది" అని నీళ్ళ ట్యాంకు పక్కన ముఖం ముడుచుకొని కూర్చుంది.

"నువ్వు పెద్దదానివి గదా, నువ్వే ఆవాల" అని చిన్నది తీర్పిచ్చింది. ఆ తీర్పు నచ్చక, "మామా, నువ్వే చెప్పు" అని పెద్దది నా వైపు తిరిగింది. నేను సెల్‌ఫోను చూసుకుంటూ, "పెద్దదానివి కదమ్మా, సర్దుకో" అనేశాను. ఆ పిల్ల మారు మాట్లాడలేదు. తువ్వాలు విప్పి, నాలుగు మడతలు పెట్టి, పిట్టగోడ మీద ఉంచి కిందికి వెళ్ళిపోయింది. మిగిలిన ఇద్దరూ చేతులు ముందుకు చాచి కాసేపు అలాగే నిలబడ్డారు. ఎవరో ఒకరు 'పదండి' అంటే కదా ఎగిరేది!

ఆ రాత్రి కడపకు తిరిగి వస్తున్న బస్సులో నాకు ఆ మడత పెట్టిన తువ్వాలే గుర్తుకు వస్తూ ఉండింది. బ్లాసమ్ మీద ఆ ఫిర్యాదు నాకు కొత్తది కాదు. ఇరవై ఏళ్ళుగా వింటున్నాను. ఒకప్పుడు అందరికంటే గట్టిగా చేసినవాణ్ణి నేనే. ఆ ఫిర్యాదు తప్పని ఇప్పుడు అనుకుంటున్నాను కాబట్టి, ఎందుకు తప్పో నాకు నేను తేల్చుకోవడానికే ఇది రాస్తున్నాను.

ముగ్గురికి మూడు ముద్రలు

ఈ కార్టూను అభిమానులు ఇద్దరు ఎక్కడ కలిసినా మొదట అడుగుకొనేది 'నీకు ఎవరిష్టం?' అనే. ఇంజనీరింగు చదివేటప్పుడు హాస్టలులో మా గదిలో ఆరుగురం ఉండేవాళ్ళం. ఒక రాత్రి కరెంటు పోయినప్పుడు ఈ ప్రశ్న మీదే రెండు గంటలు వాదించుకున్నాం. నలుగురు బటర్‌కప్ అన్నారు. ఒకడు బబుల్స్ అన్నాడు, అన్నందుకు నెలరోజులు మాటలు పడ్డాడు. ఇంకొకడు ఆ పిల్లలకు శత్రువైన చింపాంజీ మోజో జోజో అన్నాడు. బ్లాసమ్‌కు ఒక్క ఓటూ పడలేదు. ఆ తరువాత నేను విన్న, చదివిన అభిమానుల మాటలన్నింటిలోనూ లెక్కలు అటూ ఇటూ మారినా, బ్లాసమ్ గురించి వాడే మాటలు మాత్రం మారలేదు: పెత్తనం, పంతులమ్మ వాలకం, అన్నీ తనకే తెలుసునన్న ధోరణి.

ఈ ముద్రలు వేయడంలో కార్టూనుకు కూడా పాత్ర ఉందని ఒప్పుకోవాలి. ప్రతి భాగం చివర స్కాట్లండుకు చెందిన 'బిస్' అనే బృందం పాడిన పాట వస్తుంది. అందులో బ్లాసమ్ నాయకురాలనీ, బబుల్స్ నవ్వుల పిల్ల అనీ, బటర్‌కప్ అందరికంటే గట్టి పోరాటగత్తె అనీ పరిచయం చేసేస్తారు. గులాబీ, నీలం, ఆకుపచ్చ గౌన్లు వేసిన ముగ్గురు పిల్లలకు మూడు మాటలు అంటించేశాక, చూసేవాళ్ళు ఆ మాటలనే చూస్తారు.

విచిత్రం ఏమిటంటే, పాటలో వేసిన ముద్రలను చెరపడమే పనిగా పెట్టుకున్న కథలు ఈ కార్టూనులో ఎన్నో ఉన్నాయి. నన్ను చంటిపిల్లలా చూస్తున్నారని అలిగిన బబుల్స్, రోడ్డును అడ్డంగా దాటినవాణ్ణి కూడా వదలకుండా ఊరంతటినీ హడలగొట్టే కథ ఉంది. అదే బబుల్స్ తలకు దెబ్బ తగిలి తానే మోజో జోజోననుకొని, అచ్చం అతనిలాగే ఉపన్యాసాలిచ్చే కథ మరొకటి ఉంది. అందరికంటే మొండి అయిన బటర్‌కప్, దుప్పటి ముక్క లేనిదే నిద్రపోలేదని మరొక కథలో బయటపడుతుంది. అభిమానులు వీటిని తలచుకొని తలచుకొని నవ్వుతారు, 'చూశావా, ఎంత లోతైన పాత్రో' అని మెచ్చుకుంటారు. మంచిదే.

మరి బ్లాసమ్ విషయంలో ఈ ఉదారబుద్ధి ఎక్కడికి పోతుంది? ఫాదర్స్ డే నాడు, తమను పుట్టించి పెంచుతున్న ప్రొఫెసరుకు అందరికంటే గొప్ప బహుమతి ఇవ్వాలన్న ఆశతో ఆమె గోల్ఫు కర్రలు దొంగిలించి, నేరాన్ని మోజో మీదికి నెట్టేస్తుంది. పళ్ళ దేవత దిండు కింద డబ్బు పెడుతుందని తెలిసి, దొంగల పళ్ళన్నీ రాలగొట్టి సొమ్ము చేసుకున్న బటర్‌కప్ కథకు ఇది ఏ విధంగానూ తీసిపోదు. ఇద్దరూ ఆశపడ్డారు, ఇద్దరూ తప్పు చేశారు. నిజానికి ఒకతె తనకోసం చేస్తే, మరొకతె నాన్నకోసం చేసింది. అయినా పళ్ళ కథ చెప్పేటప్పుడు నవ్వే మనిషే, గోల్ఫు కర్రల కథ వచ్చేసరికి 'నీతులు చెప్పే పిల్ల చేసిన పని చూడు' అంటాడు. ఒకరికి నవ్వు, ఒకరికి బెత్తం చూపించే ఈ పద్ధతి నేను మా బంధువుల ఇళ్ళలో చాలా చూశాను. చిన్నపిల్ల గ్లాసు పగలగొడితే దిష్టి పోయిందంటారు, పెద్దపిల్ల పగలగొడితే కళ్ళు ఎక్కడ పెట్టుకున్నావంటారు.

ముందు నోరు తెరిచిన పాపం

ఇక్కడే ఒక చిన్న విషయం నన్ను ఆపింది. బ్లాసమ్ పెద్దది కాదు. ఈ ముగ్గురూ ఒకే క్షణంలో పుట్టారు. చక్కెర, మసాలా, మంచివన్నీ కలిపిన పాత్రలో పొరపాటున కెమికల్ ఎక్స్ అనే రసాయనం పడి, ఒకే పేలుడులో ముగ్గురూ బయటికి వచ్చారు. ముగ్గురూ ఒకే బడిలో, ఒకే తరగతిలో చదివే చిన్నపిల్లలు. జాతకం రాయించినా ముగ్గురిదీ ఒకే లగ్నం. అలాంటప్పుడు పెద్దరికం ఎక్కడి నుంచి వచ్చింది?

దీనికి జవాబు 2002లో వచ్చిన సినిమాలో దొరుకుతుంది. పిల్లలు పుట్టిన వెంటనే ప్రొఫెసర్ యుటోనియం నోట మాట రాక నిలబడితే, భయం లేకుండా ముందుగా పలకరించి, మా పేర్లేమిటని అడిగేది ఎర్ర జుట్టు పిల్ల. అంత విప్పారి మాట్లాడింది కాబట్టి ఆమెకు బ్లాసమ్ అని పేరు పెడతాడు. కిలకిల నవ్వింది కాబట్టి రెండో పిల్ల బబుల్స్. ఇక మూడో పిల్ల దగ్గరికి వచ్చేసరికి ఆయనకు ఊహ అయిపోయి, ఆ రెండు పేర్లలాగే 'బ'తో మొదలవుతుంది కాబట్టి బటర్‌కప్ అంటాడు. ఆ పిల్ల ముఖం మాడ్చుకుంటుంది. హాలు ఘొల్లుమనే చోటు అది. బటర్‌కప్ జీవితాంతం మోసే కోపానికి అక్కడే విత్తనం పడిందని అభిమానులు అంటారు, నేనూ ఒప్పుకుంటాను. కానీ ఆ నవ్వులో పడి ఎవరూ గమనించనిది ఇంకొకటి ఉంది. ముందుగా నోరు తెరిచిన పాపానికి ఒక పిల్ల నెత్తిన పెద్దరికం పడింది. అప్పటికి ఆమె వయస్సు ఒక నిమిషం.

ఆ పెద్దరికం ఎలాంటిదో తెలియాలంటే ఫోనును గమనించాలి. వాళ్ళ ఊరైన టౌన్స్‌విల్ మేయరు దగ్గర నుంచి పిల్లల గదిలోకి నేరుగా ఒక ఫోను ఉంటుంది. ఊరి మీదికి రాకాసి జంతువు వచ్చినా అదే మోగుతుంది, మేయరుగారికి ఊరగాయ సీసా మూత రాకపోయినా అదే మోగుతుంది. ఆ ఫోను చాలావరకు ఎత్తేది బ్లాసమే. ఎత్తుతుంది, వింటుంది, చెల్లెళ్ళకు చెబుతుంది, పదమంటుంది. మనం పెత్తనం అంటున్నది నిజానికి ఈ వరుసలోని చివరి మాటను మాత్రమే. ఫోను మోగినప్పుడు బటర్‌కప్ ఎక్కడుంది, బబుల్స్ ఏ బొమ్మకు రంగులు వేస్తోంది అన్నది ఎవరమూ అడగం. (ఊరగాయ సీసా కథ చూసినప్పటి నుంచి మా ఇంట్లో బిగుసుకుపోయిన ఏ మూతనైనా 'మేయరు సీసా' అనే పిలుస్తాం. మొన్న దసరాకు అక్క నెయ్యి సీసా నా చేతికిచ్చి అదే మాట అంది.)

ఎర్రముక్కపల్లె ఇల్లు

నా సంగతి దాచడం ధర్మం కాదు. మా ఎర్రముక్కపల్లె ఇంట్లో నేలకు నల్లటి కడప బండలు పరిచి ఉండేవి. ఎండాకాలం మధ్యాహ్నాలు చొక్కా తీసేసి ఆ బండలకు వీపు ఆనించి, తల టీవీ వైపు పెట్టి, తలకిందులుగా కార్టూన్ నెట్‌వర్క్ చూడడం నా అలవాటు. అమెరికాలో 1998 నవంబరులో మొదలై 2005 దాకా 78 భాగాలుగా నడిచిన ఈ కార్టూను మా ఇంటి కేబులులో కొంతకాలం ఇంగ్లీషులోనూ, కొంతకాలం హిందీలోనూ మాట్లాడింది. నాకు రెండూ అంతంతమాత్రమే. అందువల్ల మాటలు ఎక్కువగా ఉన్న బ్లాసమ్ నాకు అర్థం కాలేదు, గుద్దులు ఎక్కువగా ఉన్న బటర్‌కప్ పూర్తిగా అర్థమైంది. మోజో జోజో కూడా బాగానే అర్థమయ్యేవాడు, ఎందుకంటే చెప్పిందే మూడు రకాలుగా చెబుతాడు కాబట్టి మూడోసారికైనా నాకు ఒక మాట దొరికేది. మా తరం మగపిల్లల్లో బటర్‌కప్ అభిమానులు అంతమంది ఉండడానికి ఆమె గొప్పతనం ఎంత కారణమో, మా ఇంగ్లీషు కూడా అంతే కారణమని నా అనుమానం. ఆడపిల్లల బొమ్మలు చూస్తున్నావని బడిలో ఎవరైనా అంటే, 'నేను చూసేది ఫైటింగు కోసం' అని చెప్పుకోవడానికి కూడా ఆమే పనికివచ్చేది.

2003 ఎండాకాలంలో అమ్మకు ఆపరేషను చేయించడానికి నాన్న ఆమెను వేలూరుకు తీసుకువెళ్ళాడు. పదహారు రోజులు ఇంట్లో జేజి, అక్క, నేను. జేజికి చూపు సరిగా ఆనేది కాదు. అక్కకు పదమూడేళ్ళు, నాకు తొమ్మిది. తెల్లవారుజామున కొళాయి వచ్చే వేళకు లేచి బిందెలు పెట్టేది అక్కే. మొదటి రోజు చేసిన రాగి సంగటిలో గోలీల్లాంటి ఉండలు వచ్చాయి. నేను ఒక్కొక్క ఉండనూ వేలితో తీసి పళ్ళెం అంచున వరుసగా పేర్చి, ఎన్ని వచ్చాయో లెక్కపెట్టి జేజికి గట్టిగా చెప్పాను. అక్క నవ్వలేదు, ఏడవలేదు. మరునాడు పిండి పోసిన తరువాత తెడ్డు రెండు చేతులతో పట్టుకొని, కాళ్ళతో గిన్నెను అదిమిపెట్టి, చెమట ముక్కు కొన నుంచి కారుతుంటే కెలికింది. ఆ రోజు ఉండలు తక్కువ. నాలుగో రోజుకు లేవు. అప్పుడు నేను లెక్క చెప్పలేదు.

ఫోను ఆ పదహారు రోజులూ మోగుతూనే ఉండింది. పెద్దమ్మ, చిన్నాయన, మేనత్త, నాన్న ఆఫీసువాళ్ళు, అందరూ అమ్మకెలా ఉందని అడిగేవాళ్ళు. ఎత్తేది అక్కే. ఎవరికి ఎంత చెప్పాలో ఆమెకు ఎలా తెలిసిందో నాకు ఇప్పటికీ అంతుబట్టదు. జేజికి వినిపించేలా ఒక మాట, వినిపించకుండా ఒక మాట చెప్పేది. సాయంత్రం నా కార్టూను వేళకు టీవీ కట్టేసి లెక్కలు చేయమనేది. నేను పక్కింటికి పోయి 'మా ఇంట్లో హెడ్మాస్టరు ఉంది' అని చెప్పి వచ్చేవాణ్ణి.

అమ్మానాన్నలు తిరిగి వచ్చిన రోజు ఆటో ఇంకా పూర్తిగా ఆగకముందే నేను చేసిన మొదటి పని ఫిర్యాదు. "అక్క నన్ను ఒక్కరోజు గూడా టీవీ చూడనీలేదు నాయనా." నాన్న అలసిపోయి ఉన్నాడు. సంచి దించుకుంటూ, "చిన్నోడు గదమ్మా, నువ్వే కొంచెం చూసీచూడనట్టు పోవాల" అన్నాడు. అక్క సరేనంది. లోపలికి పోయి అమ్మకు పరుపు దులిపింది.

మిద్దె మీద నేనిచ్చిన తీర్పు ఆనాటి నాన్న తీర్పేనని బస్సు కమలాపురం దాటాక గానీ నాకు తట్టలేదు. అయితే ఇందులో ఒక తిరకాసు ఉంది, దాన్ని దాటవేయను. మా అక్క మంచిదైనంత మాత్రాన బ్లాసమ్ మంచిదైపోదు. సొంత ఇంటి కథను తెచ్చి కార్టూను బొమ్మకు తొడగడం అభిమానులందరూ చేసే పనే, నేనూ ఇక్కడ చేస్తున్నది అదే కావచ్చు. కాబట్టి బ్లాసమ్‌ను బ్లాసమ్‌గానే చూద్దాం. ఆమెలో గర్వం ఉంది. ఊరంతా ఎండకు మాడిపోతున్న కథలో తన ఊపిరి మంచుగా మారుతుందని తెలియగానే ఆ పిల్ల చూపించిన గొప్పకు చెల్లెళ్ళు విసుగెత్తిపోవడం పూర్తిగా న్యాయం. చెల్లెళ్ళు తన జుట్టు అడ్డదిడ్డంగా కత్తిరించినప్పుడు ఊరు నవ్వుతుందని సిగ్గుపడి దాక్కోవడం కూడా ఉంది. మాటల్లో తప్పులు దిద్దే అలవాటు ఎవరికైనా చిరాకే. నా వాదన ఆమెకు లోపాలు లేవని కాదు. ఆ లోపాలు బడికి కొత్తగా పోతున్న పిల్లలో ఉండవలసినవే, అంతకు మించినవి కావు. మిగిలిన ఇద్దరికీ పసితనం కింద జమ కట్టేవాటిని ఈమెకు మాత్రం స్వభావం కింద రాసేస్తున్నాం.

ఇంటికి అసలు పెద్దబిడ్డ

అభిమానుల ఇష్టాయిష్టాలలో నన్ను అన్నింటికంటే ఆశ్చర్యపరిచేది మోజో జోజో స్థానం. ఆకుపచ్చ ముఖం, నెత్తి మీద పెరిగిన మెదడును కప్పే టోపీ, తలపాగా లాంటి చుట్టు, చెప్పిందే చెప్పే ఉపన్యాసం. అతన్ని ప్రేమించని అభిమాని నాకు తగలలేదు. నాకూ ఇష్టమే. కానీ అతనెవరు? ఈ పిల్లలు పుట్టకముందు ప్రొఫెసరు ఇంట్లో పెరిగిన చింపాంజీ, పేరు జోజో. అతను తోసినందువల్లనే కెమికల్ ఎక్స్ సీసా పగిలింది, ఆ పేలుడుతోనే పిల్లలు పుట్టారు, అతని మెదడూ పెరిగింది. పిల్లలు వచ్చాక ప్రొఫెసరు అతన్ని మరిచిపోయాడు. అతను ఇల్లు విడిచి పోయి, ఊరి నడుమ కొండ కొమ్మున గూడు కట్టుకొని, ఇప్పటికీ ఆ ఇంటి మీదికి ఫిరంగులు గురిపెడుతున్నాడు.

అంటే ఆ ఇంటికి అసలు పెద్దబిడ్డ మోజో. చిన్నవాళ్ళు రాగానే ఒడి పోగొట్టుకున్న బిడ్డ. ఈ సంగతి తెలిసిన తరువాత అతని మీద జాలి కలగనివాళ్ళు ఉండరు, అభిమానులు కూడా ఈ కథ చెప్పే అతన్ని వెనకేసుకొస్తారు. నేను కాదనను. నాకు వింతగా తోచేది మరొకటి. ఒకే ఇంట్లో పెద్దరికం ఇద్దరి మీద పడింది. ఒకరు అలిగి బయటికి పోయి రోజూ ఊరిని తగలబెడుతున్నారు, మరొకరు ఇంట్లోనే ఉండి ఫోను ఎత్తుతున్నారు. తగలబెట్టేవాడి అలకను మనం అర్థం చేసుకున్నాం, ఫోను ఎత్తేదాని గొంతు మాత్రం మనకు కటువుగా వినిపిస్తోంది.

మా పెద్దనాయన ఒకాయన ఆస్తి పంపకాల్లో తగాదాపడి, పంచాయితీలో కుర్చీ విసిరి, అనంతపురం వెళ్ళిపోయాడు. ఇప్పటికీ ఏ పెళ్ళిలో నలుగురం కూర్చున్నా ఆ కుర్చీ కథ చెప్పుకొని కడుపుబ్బ నవ్వుకుంటాం. జేజిని చివరి తొమ్మిదేళ్ళు చూసుకున్న మేనత్త గురించి చెప్పుకోవడానికి ఎవరికీ కథ దొరకదు. 'ఆమెదంతా పెత్తనమే' అంటారు, అంతటితో సరి.

చప్పగా ఉందన్న మాట

ఇదంతా హాస్టలు నాటి స్నేహితుడికి, ఆనాడు బబుల్స్ అని మాటలు పడినవాడికే, మొన్న ఏడు రోడ్ల దగ్గర కారం దోసె తింటూ చెప్పాను. అతను ఓపికగా విని, "నువ్వు చెప్పేది న్యాయం గురించి. మేము చెప్పేది నవ్వు గురించి. బ్లాసమ్ పెత్తందారని కాదు రా, చప్పగా ఉంటుంది. అది రాసినవాళ్ళ తప్పు, మాది కాదు" అన్నాడు. ఈ ఎదురుమాట బలమైనది. నవ్వించడానికి తీసిన కార్టూనులో నవ్వించని పాత్రకు సానుభూతి ఓట్లు అడగడం సబబు కాదు. ఈ కార్టూను పుట్టుకే ఒక వేళాకోళం. సృష్టికర్త క్రెయిగ్ మెక్‌క్రాకెన్ 1992లో విద్యార్థిగా ఉన్నప్పుడు, చిన్నపిల్లలు రాకాసులను చితకబాదితే ఎలా ఉంటుందన్న తమాషా నుంచే దీన్ని మొదలుపెట్టాడు. బరువైన నీతులు వెతకవలసిన చోటు కాదిది.

నేను అప్పటికి జవాబు చెప్పలేకపోయాను. ఇంటికి వచ్చాక తోలుబొమ్మలాట గుర్తుకొచ్చింది. జేజి తన చిన్నప్పుడు రాత్రంతా చూసిన ఆటల గురించి చెప్పేటప్పుడు రాముడి గురించి ఒక్క మాట కూడా అనేది కాదు. చెప్పేదంతా బంగారక్క, జుట్టుపోలిగాడు, కేతిగాడి గురించే. వాళ్ళ బూతులు సగం మింగి, సగం చెప్పి, పడీపడీ నవ్వేది. కానీ తెర మీద రాముడి కథ నడుస్తూ ఉంటేనే బంగారక్క మధ్యలో దూరి గోల చేయడానికి వీలవుతుంది. రాముడి బొమ్మను పెట్టెలో పెట్టేస్తే బంగారక్క ఎవరి ముందు గోల చేయాలి? బటర్‌కప్ ఎదురు తిరగడానికి ఎదురుగా ఒక మాట ఉండాలి. బబుల్స్ పరధ్యానంగా ఉండడానికి ఎవరో ఒకరు ధ్యానంగా ఉండాలి. బబుల్స్ బొమ్మ ఆక్టి గొంతుతో హిమ్ అనే దుష్టుడు మాయమాటలు చెప్పి, బ్లాసమ్‌కూ బటర్‌కప్‌కూ మధ్య నాయకత్వం గురించి చిచ్చుపెట్టిన కథ చూస్తే ఇది తెలుస్తుంది. వాళ్ళిద్దరూ కొట్టుకోవడం మొదలైతే ఊరు కాపాడేవాళ్ళు లేకుండా పోతారు. చివరికి గట్టిగా అరిచి వాళ్ళను కలిపేది బబుల్స్. ఆ ఒక్కరోజు నవ్వుల పిల్ల ఫోను ఎత్తింది, అంతే. ఆ రోజు ఆమెను ఎవరూ పెత్తందారనలేదు. ఒక్కరోజు చేస్తే గొప్ప, రోజూ చేస్తే పెత్తనం.

ఈ జవాబు స్నేహితుడికి ఫోనులో చెబితే, "సరే, బంగారక్కే నాకిష్టం, ఏం చేస్తావ్?" అన్నాడు. చేసేదేమీ లేదు. ఇష్టం మీద దావా వేయలేం. నేను తప్పంటున్నది ఇష్టం లేకపోవడాన్ని కాదు, ఆ అయిష్టానికి 'పెత్తనం' అని పేరు పెట్టడాన్ని. చప్పగా ఉందంటే అది కథ రాసినవాళ్ళకు తగులుతుంది. పెత్తనం అంటే ఆ పిల్లకు తగులుతుంది, మిద్దె మీద ఆ పాత్ర కట్టవలసి వచ్చిన పిల్లకు కూడా తగులుతుంది.

బెల్లం గారు

ఇంతకూ ఈ వివాదంలో అక్క అభిప్రాయం ఏమిటో ఇన్నేళ్ళుగా నేను అడగలేదు. నా టీవీ కట్టేస్తూ కట్టేస్తూ ఆమె కూడా సగం భాగాలు చూసే ఉంటుంది కదా అని పోయిన ఆదివారం ఫోను చేసి అడిగాను. బ్లాసమ్ అంటుందని నా నమ్మకం. అక్క ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "బెల్లం" అంది.

మేయరు దగ్గర పనిచేసే మిస్ సారా బెల్లం. ఇంగ్లీషులో ఆ పేరు చిన్న మెదడుకు వేసిన శ్లేష అని నాకు పెద్దయ్యాక తెలిసింది. చిన్నప్పుడు మాకు అది మాత్రం అచ్చమైన అంగడి బెల్లమే. చక్కెరతో పుట్టిన పిల్లల ఊరిలో బెల్లం ఉండడంలో మాకు వింత కనిపించలేదు. ఊరి పనులన్నీ ఆమే చేస్తుంది, మేయరు ఊరగాయ తింటూ ఉంటాడు. ఆమె ముఖం మనకు చూపించరు. జుట్టు అడ్డం వస్తుంది, లేదా బొమ్మ మెడ దగ్గర ఆగిపోతుంది. "పనంతా చేస్తాది, ముఖం కనపడదు. అంతకంటే ఎవరు కావాల్రా?" అంది అక్క.

ఆ పాత్ర గురించి అభిమానుల్లో పెద్ద తగాదాయే ఉంది. 2016లో ఈ కార్టూనును కొత్త గొంతులతో మళ్ళీ తీసినప్పుడు మిస్ బెల్లంను తప్పించారు. పాత అభిమానులు మండిపడ్డారు. నేను మొదట తప్పించడాన్నే సమర్థించాను, ఎందుకంటే ముఖం దాచి ఒంటిని మాత్రమే చూపించే బొమ్మను పిల్లల ముందు పెట్టడం అంత ముచ్చటైన పని కాదు. ఈ మాట అక్కతో అంటే, "ముఖం చూపీలేదని మనిషినే తీసేస్తారా? ముఖం గీస్తే పోలా?" అంది. నా దగ్గర జవాబు లేదు. సెడ్యూసా అనే దుష్టురాలు బెల్లం వేషం వేసుకొని మేయరును మోసం చేసిన కథలో మిస్ బెల్లం స్వయంగా పోరాడుతుందని నేను గుర్తుచేస్తే, అక్కకు ఆ కథ నాకంటే బాగా జ్ఞాపకం ఉంది. టీవీ కట్టేసిన రోజుల్లో కూడా ఆమె ఎప్పుడు చూసిందో!

"మరి బ్లాసమ్?" అని అడిగాను.

"దాన్ని చూస్తే నాకు నిద్రొస్తాది. పొద్దున్నే లేసేదాని మొగం అది."

నా వాదన మొత్తానికీ ఆధారమైన మనిషే బ్లాసమ్‌కు ఓటు వేయకపోవడం కొంచెం దెబ్బే. హాస్టలు గదిలో సున్నా, మిద్దె మీద సున్నా, ఇప్పుడు అక్క దగ్గర కూడా సున్నా. నా ఒక్క ఓటుతో ఆ పిల్ల గెలిచేది లేదు.

నిన్న సాయంత్రం మిద్దె తీర్పును వెనక్కి తీసుకుంటున్నానని చెబుదామని మళ్ళీ ఫోను చేశాను. ఒక్కసారి మోగగానే ఎత్తేశారు. పెద్ద మేనకోడలు.

"అమ్మ నీళ్ళు పడతాంది మామా. చెల్లెలు కొళాయి దగ్గర ఆడతాంది. ఏమన్నా ఉంటే నాకు చెప్పు, నేను చెప్తాలే."